ఏది తీసుకుంటే ఏది ఆగుతుంది?

శ్రీకాకుళం జిల్లా పొందూరు దగ్గరి పల్లె నుండి ఒక తల్లి రాసిన ఉత్తరం సారాంశం ఇది.

“మా ఆయన చెన్నైలో తాపీపనికి వెళ్తారు. నేను ఇంటి దగ్గర కుట్టుపని చేస్తాను. మాకు రెండెకరాల మెట్ట ఉంది. బీసీ కుటుంబం. మా అమ్మాయికి ఈఏపీసెట్ కౌన్సెలింగులో విజయనగరంలోని ఒక ప్రైవేటు కళాశాలలో ఇంజినీరింగు సీటు వచ్చింది. ఫీజు ఏడాదికి 62,000 రూపాయలని కాగితంలో ఉంది. ఆ ఫీజు ప్రభుత్వమే కడుతుందని కొందరు, ముందు మనమే కట్టుకోవాలని కొందరు అంటున్నారు. స్కాలర్‌షిప్పు, గ్రాంటు, లోను అన్నీ ఒకటేనా? ఎన్ని ఉంటే అన్నింటికీ దరఖాస్తు పెట్టాలని, మూడు వేలు ఇస్తే తానే చూసుకుంటానని తెలిసినాయన ఒకరు చెప్పారు. అమెరికాలో ఉన్న మా అన్నయ్య కొడుకు అక్కడ పిల్లలు కాలేజీలోనే పని చేసుకుంటూ చదువుకుంటారని చెప్పాడు. ఇక్కడ అలాంటిది ఉందా? మా చిన్నవాడు జిల్లా పరిషత్ హైస్కూలులో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. అమ్మాయి సాయంత్రాలు ఊళ్ళో పిల్లలకు ట్యూషను చెప్తానంటోంది. చెప్పనివ్వమంటారా?”

అమ్మా,

ఆ మూడు వేల రూపాయల సంగతి ముందు తేల్చేద్దాం. ఇవ్వకండి. కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్పులకు దారి అయిన నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో గాని, మన రాష్ట్ర ప్రభుత్వ జ్ఞానభూమి పోర్టల్‌లో గాని దరఖాస్తుకు రుసుము లేదు. నెట్ సెంటరులో కాగితాలు స్కాన్ చేసి ఎక్కించినందుకు వందో రెండు వందలో తీసుకుంటే అది చేసిన పనికి కూలి, దానికి తప్పు పట్టనక్కరలేదు. అన్నీ తానే చూస్తానన్న మనిషితో వచ్చే చిక్కు డబ్బుతో ఆగదు. నేను ఒక కళాశాలలో స్కాలర్‌షిప్పుల పని చూసిన రోజుల్లో, రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి రెన్యువల్ కావడం లేదని కళ్ళ నీళ్ళతో వచ్చింది. పోర్టల్ తెరిచి చూస్తే, అక్కడ నమోదైన ఫోను నంబరు చివరి అంకెలు ఆమెవి కావు, వాళ్ళ నాన్నవీ కావు. మొదటి సంవత్సరం దరఖాస్తు నింపిన దుకాణదారు, పని త్వరగా తెములుతుందని తన నంబరే వేసుకున్నాడు. ఓటీపీ అతనికి పోతుంది, అతనేమో దుకాణం ఎత్తేసి వేరే ఊరు వెళ్ళిపోయాడు. నంబరు మార్పించుకునేలోగా గడువు దాటిపోయింది, ఆ ఏడాది సొమ్ము రాలేదు. కాబట్టి నంబరు మీ అమ్మాయిదే వేయించండి, ఆ సిమ్ము నాలుగేళ్ళూ రీఛార్జితో ఉండేలా చూసుకోండి, ఓటీపీ ఎవరడిగినా చెప్పవద్దనండి. ఇప్పుడు కేంద్ర పోర్టల్‌లో వన్ టైమ్ రిజిస్ట్రేషన్ అని ఒకటి ఉంది. ఆధారుతో, ముఖం చూపించి ధ్రువీకరించుకుని, ఒకసారి తెచ్చుకున్న ఆ నంబరే చదువు పూర్తయ్యేవరకు పనిచేస్తుంది. ఇంజినీరింగు సీటు తెచ్చుకున్న పిల్ల ఆ పని తానే చేసుకోగలదు.

ఇక మీరడిగిన మూడు మాటల తేడా. మన పెద్దవాళ్ళు ఉపకార వేతనం అనేవారు, ఇప్పుడు స్కాలర్‌షిప్పు అంటున్నాం. మన వాడుకలో చదువుకు వచ్చే ప్రతి సొమ్మూ స్కాలర్‌షిప్పే కాబట్టి గందరగోళం అక్కడే మొదలవుతుంది. ఇంగ్లీషు వాడుకలో మార్కులో, ప్రతిభో చూసి ఇచ్చేదాన్ని ఎక్కువగా స్కాలర్‌షిప్పు అని, కుటుంబ పరిస్థితి చూసి ఇచ్చేదాన్ని గ్రాంటు అని అంటారు. రెండూ తిరిగి కట్టనక్కరలేనివే. ఆ లెక్కన, కళాశాల ఫీజును ప్రభుత్వం భరించే మన ఫీజు రీయింబర్స్‌మెంటు పేరుకు స్కాలర్‌షిప్పు అయినా స్వభావానికి గ్రాంటు. అది ర్యాంకును బట్టి కాక ఆదాయాన్ని బట్టి వస్తుంది. లోను మాత్రం వడ్డీతో సహా తిరిగి కట్టవలసిన అప్పు. పేరు ఏదైనా, తిరిగి కట్టాలా వద్దా అన్నది ఒకటి, ఇది తీసుకుంటే ఇంకేది ఆగిపోతుంది అన్నది రెండోది, ఎప్పుడు చేతికి వస్తుంది అన్నది మూడోది. ఈ మూడూ అడగకుండా ఏ కాగితం మీదా సంతకం చేయవద్దు. ఆ తెలిసినాయన “ఎన్ని ఉంటే అన్ని” అన్న సలహా రెండో ప్రశ్న దగ్గరే చెడిపోతుంది.

ముందు మీకు ఖాయంగా అక్కరకు వచ్చేది చూద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో పెద్ద ఎత్తున మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటు పేర్లు మార్చుకుంటూ ఇప్పటికీ నడుస్తోంది. ఆఫీసు భాషలో ఫీజు భాగాన్ని ఆర్‌టీఎఫ్ అని, తిండికి, వసతికి ఇచ్చే నిర్వహణ భాగాన్ని ఎంటీఎఫ్ అని అంటారు. కళాశాల కార్యాలయంలో ఈ రెండు పొట్టి పేర్లే వినిపిస్తాయి కాబట్టి గుర్తుపెట్టుకోండి. కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షల లోపు ఉండాలి, సీటు కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగులో, వచ్చి ఉండాలి, హాజరు 75 శాతానికి తగ్గకూడదు. మేనేజ్‌మెంటు కోటాలోనో, చివర్లో జరిగే స్పాట్ అడ్మిషన్లలోనో చేరినవారికి ఇది వర్తించదు. మీ అమ్మాయికి కౌన్సెలింగులోనే సీటు వచ్చింది కాబట్టి ఆ భయం లేదు. అయితే ఎవరైనా “ఇంతకంటే మంచి బ్రాంచి ఇప్పిస్తాం, ఈ సీటు వదిలేసి స్పాట్‌లో చేరండి” అంటే, ఆ మాటకు నాలుగేళ్ళ ఫీజు మొత్తం మీ నెత్తిన పడుతుందని తెలుసుకోండి.

ఎవరు ముందు కట్టాలన్న గొడవకు కారణం, ఆ డబ్బు వచ్చే దారి ఇన్నేళ్ళలో మారుతూ రావడమే. మొదట కళాశాల ఖాతాకే పోయేది. 2021 నుండి విద్యా దీవెన కింద తల్లి ఖాతాలో పడేది, తల్లి దాన్ని కళాశాలకు కట్టాలి. 2024లో ప్రభుత్వం మారిన తరువాత మళ్ళీ కళాశాల ఖాతాకే పంపుతామన్నారు. మీకు చెప్పినవారిలో ఒకరు పాత పద్ధతి చూసినవారు, మరొకరు ఇంకా పాత పద్ధతి చూసినవారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. పద్ధతి ఏదైనా ఈ సొమ్ము విడతలుగా వస్తుంది, తరచు ఆలస్యంగా వస్తుంది. జూలైలోనో ఆగస్టులోనో చేరిన పిల్లకు మొదటి విడత ఎప్పుడు పడుతుందో చేరేనాడు ఎవరూ చెప్పలేరు. అందుకని చేరే ముందే కళాశాల కార్యాలయంలో ఒక మాట సూటిగా అడగండి: “మాది ఆర్‌టీఎఫ్ సీటు, ప్రభుత్వం విడుదల చేసేవరకు మా దగ్గర ఏమైనా కట్టించుకుంటారా, కట్టించుకుంటే అది వచ్చాక తిరిగి ఇస్తారా?” కట్టవలసి వస్తే రసీదు మీద అది ట్యూషను ఫీజని రాయించుకోండి. బస్సు ఫీజు, యూనిఫారం, శిక్షణ తరగతుల పేరుతో వసూలు చేసేవి వేరు, అవి ప్రభుత్వం తిరిగి ఇవ్వదు. పదో తరగతి, ఇంటర్ అసలు సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోండి. వాటిని కళాశాలలు అట్టిపెట్టుకోకూడదని సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ నిబంధనే ఉంది. నేను చూసినంతలో, రీయింబర్స్‌మెంటు బకాయి ఉందన్న సాకుతో పిల్లల కాగితాలు బీరువాలో పెట్టి, ఉద్యోగంలో చేరవలసిన రోజున తల్లిదండ్రులను తిప్పించుకున్న చోట్లు ఉన్నాయి.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. మీ అమ్మాయి లాంటి విద్యార్థినికి కేంద్రం వైపు నుండి రెండు పథకాలు కనిపిస్తాయి. ఒకటి ఏఐసీటీఈ వారి ప్రగతి. సాంకేతిక విద్యలో మొదటి సంవత్సరం చేరిన ఆడపిల్లలకు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే, ఒక ఇంట్లో ఇద్దరికి మించకుండా, ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తారు. రెండోది ఇంటర్ మార్కుల ఆధారంగా ఇచ్చే కేంద్ర స్కాలర్‌షిప్పు. ఆదాయం 4.5 లక్షల లోపు ఉండాలి. బీటెక్‌లో మొదటి మూడేళ్ళు ఏడాదికి 12,000, నాలుగో ఏడు 20,000 ఇస్తారు. రెండూ నేరుగా విద్యార్థి ఖాతాలోనే పడతాయి. వినడానికి బాగానే ఉంటాయి. కాని రెండింటికీ ఒక షరతు ఉంది: ప్రభుత్వం నుండి మరో స్కాలర్‌షిప్పు పొందుతున్నవారికి ఇవి ఇవ్వరు. రెండోదాని మార్గదర్శకాల్లోనయితే రాష్ట్ర ప్రభుత్వాల ఫీజు మినహాయింపు, రీయింబర్స్‌మెంటు పథకాలను కూడా పేరు పెట్టి చేర్చారు. అంటే 12,000 కోసం చేయి చాపితే 62,000 వదులుకోవలసి వస్తుంది. రెండూ తీసుకుని ఊరుకుంటే, ఆధారు ఒక్కటే కాబట్టి ఏదో ఒకనాడు బయటపడి, తీసుకున్నది తిరిగి కట్టమంటారు.

మీ లెక్క తేలిగ్గానే తేలుతుంది: 62,000 ఫీజు ఉన్నచోట 50,000 కోసం రీయింబర్స్‌మెంటు వదులుకుంటే ఏడాదికి 12,000 మీ చేతి నుండి పడుతుంది, పైగా ఎంటీఎఫ్ కూడా పోతుంది. అందుకని మీకు నా సలహా ఆర్‌టీఎఫ్ మీదే నిలబడమని. ఇదే లెక్క ఇంకో ఇంట్లో తిరగబడుతుంది. మీ ఊళ్ళోనే మరో అమ్మాయికి ప్రభుత్వ విశ్వవిద్యాలయ కళాశాలలో, ఫీజు పదిహేను వేలే ఉన్నచోట, సీటు వచ్చిందనుకోండి. ఆమె రీయింబర్స్‌మెంటు పట్టుకుని కూర్చుంటే దక్కేది ఆ పదిహేను వేలు. ప్రగతి వస్తే ఫీజు కట్టగా ఇంకా 35,000 చేతిలో మిగిలి పుస్తకాలకు, మెస్సుకు, ల్యాప్‌టాపుకు పనికి వస్తుంది. తక్కువ ఫీజు ఉన్న మంచి ప్రభుత్వ కళాశాలలో చేరిన ఆడపిల్లలు ఈ పథకం ఊసే ఎత్తకపోవడం నాకు ఏటా బాధ కలిగించే విషయం. ప్రగతికి మొదటి సంవత్సరంలోనే దరఖాస్తు పెట్టాలి, డిప్లొమా నుండి నేరుగా రెండో సంవత్సరంలో చేరినవారు ఆ చేరిన ఏడాదిలో పెట్టాలి. మూడో ఏట తెలిసి ప్రయోజనం లేదు. ఎంపిక మార్కులను బట్టి జరుగుతుంది కాబట్టి అడిగిన ప్రతివారికీ రాదు. అలాంటి అమ్మాయి మీకు తెలిస్తే, మంజూరు ఖాయమయ్యాకే ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో కళాశాలలో స్కాలర్‌షిప్పులు చూసే నోడల్ అధికారితో మాట్లాడి, రాతపూర్వకంగా తేల్చుకోమని చెప్పండి.

ఆ ఇంటర్ మార్కుల స్కాలర్‌షిప్పు విషయంలో ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. 80వ పర్సంటైల్ పైన ఉండాలన్నది దాని అర్హత. దాన్ని 80 శాతం మార్కులని చదువుకుని, మా వాడికి 85 శాతం వచ్చింది కదా అని ధీమాగా కూర్చుంటారు. పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదు, వరుసలో మీ చోటు. బోర్డులో ఆ గ్రూపులో పాసైన వందమందిని మార్కుల వరుసలో నిలబెడితే, పైనుండి ఇరవైమందిలో ఉండాలని అర్థం. మన ఇంటర్ బోర్డులో మార్కులు ఎలా వస్తాయో మీకు తెలియనిది కాదు. 85 శాతం ఆ ఇరవైమందిలో ఉంటుందన్న హామీ లేదు.

డబ్బు మంజూరై కూడా చేతికి రాకపోవడానికి నేను చూసిన కారణాల్లో ముందుండేవి రెండు, పేరు, ఖాతా. మన రెండు జిల్లాల్లో పైడితల్లి, సింహాచలం, అప్పలనరసమ్మ లాంటి పేర్లు లేని వీధి ఉండదు. పైడితల్లి అన్న పేరునే తీసుకోండి. పదో తరగతి మెమోలో ఇంగ్లీషు అక్షరాల్లో పీ తరువాత వై రాస్తారు, ఆధారు తీసినతను పీ తరువాత ఏ, ఐ కొట్టి ఉంటాడు. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, మరొకచోట ఒక్క పొడి అక్షరమే చివర ఉంటుంది. మనిషి చూస్తే ఒకరే అని తెలుస్తుంది, యంత్రానికి ఇద్దరు. అలాంటి తేడా ఉంటే ఆధారునే పదో తరగతి మెమోకు తగినట్టు మార్పించండి. మెమో మార్పించాలంటే బోర్డు దాకా వెళ్ళాలి, దానికి నెలలు పడుతుంది. ఆధారులో పేరు మార్పుకు జీవితంలో రెండుసార్లే అవకాశం ఇస్తారు కాబట్టి, మెమో చేతిలో పట్టుకునే వెళ్ళి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చూసి సరే అనండి.

ఖాతా సంగతి ఇంతకంటే చిత్రంగా ఉంటుంది. దరఖాస్తులో మనం ఏ ఖాతా నంబరు రాసినా, ఆధారు ఆధారంగా పంపే సొమ్ము, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ సంస్థ పట్టికలో ఆధారుతో చివరిసారి జతపడిన ఖాతాలోకే పోతుంది. అమ్మాయికి బడి రోజుల్లో ఒక ఖాతా, ఇంటర్లో ఇంకొకటి, ఫోనులో చెల్లింపుల కోసం మరొకటి తెరిచి ఉంటారు. సొమ్ము పడింది అని పోర్టల్ చూపిస్తుంది, పాసుపుస్తకంలో మాత్రం కనపడదు. ఆధారు వెబ్‌సైటులో బ్యాంకు సీడింగ్ స్థితి చూస్తే ఏ బ్యాంకుతో జతపడి ఉందో తెలిసిపోతుంది. ఇంకొకటి, పూర్తి కాగితాలు లేకుండా తెరిచిన చిన్న ఖాతా అయితే అందులో ఒకేసారి 50,000 కంటే ఎక్కువ నిల్వ ఉండకూడదని, నెలకు 10,000 మించి తీయకూడదని రిజర్వు బ్యాంకు పరిమితులు ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళి, కేవైసీ పూర్తిచేసి మామూలు ఖాతాగా మార్పించండి. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం సచివాలయంలో దరఖాస్తు పెడితే తహసీల్దారు కార్యాలయం నుండి వస్తాయి. ఒక్క మాట, ఆదాయం ఒకచోట ఒక అంకె, మరోచోట మరో అంకె వేయకండి. ఏది నిజమో అదే అన్నిచోట్లా ఉండాలి.

తిండికి, ఉండడానికి అయ్యే ఖర్చు గురించి మీరు అడగలేదు కాని, మీ ఇంటికి ఫీజు కంటే అదే బరువు. పిల్లల చదువుకు తల్లి ఖాతాలో వేసే తల్లికి వందనం ఇంటర్‌తో ఆగిపోతుంది, అమ్మాయి పేరున ఇక రాదు. గతంలో వసతి దీవెన కింద డిగ్రీ, ఇంజినీరింగు పిల్లలకు ఏడాదికి 20,000 చొప్పున ఇచ్చారు, ఆ ఇచ్చినది కూడా రెండు విడతలుగానే. నెలనెలా కట్టవలసిన ప్రైవేటు హాస్టలు బిల్లుకు ఆ తరహా సొమ్మును నమ్ముకోవడం, వర్షం వస్తుందని కుండలో నీళ్ళు పారబోసుకోవడం లాంటిది. మీకు రెండు దారులు ఉన్నాయి. విజయనగరంలో బీసీ సంక్షేమ శాఖ నడిపే కళాశాల బాలికల వసతి గృహంలో చోటుకు వెంటనే దరఖాస్తు పెట్టడం ఒకటి. భోజనం, వసతి అక్కడే కాబట్టి ఎంటీఎఫ్ విడిగా చేతికి వస్తుందని అనుకోకండి. రోజూ వెళ్ళి రావడం రెండోది. మీకు పొందూరులో రైల్వేస్టేషను ఉంది, చీపురుపల్లి, నెల్లిమర్ల మీదుగా విజయనగరం దాకా ఒకే దారి. డిగ్రీ స్థాయి వరకు చదివే ఆడపిల్లలకు ఇంటి నుండి చదువుకునే చోటికి రెండో తరగతి నెలవారీ సీజను టికెట్టు రైల్వే ఉచితంగా ఇస్తుంది. దానికి కళాశాల ముద్రతో పత్రం కావాలి, అడిగి తీసుకోండి. 2025 ఆగస్టు 15 నుండి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు కాబట్టి రైలు తప్పిన రోజున బస్సు ఉంటుంది. కళాశాల బస్సుకు ఏటా వేలకు వేలు కట్టే ముందు ఒక వారం ఇలా తిరిగి చూడమనండి. రానుపోను మూడు గంటలకు మించితే మాత్రం నేను హాస్టలు వైపే మొగ్గుతాను. మొదటి సంవత్సరం గణితం అలసిన కళ్ళతో ఎక్కదు.

ప్రభుత్వానికి బయట కంపెనీల ఫౌండేషన్లు, ట్రస్టులు ఇచ్చేవి ఉన్నాయి. రిలయన్స్ ఫౌండేషన్ ఏటా దేశమంతటా 5,000 మంది మొదటి సంవత్సరం డిగ్రీ విద్యార్థులకు, చదువు మొత్తానికి కలిపి 2 లక్షల వరకు ఇస్తోంది. ఆన్‌లైనులో ఒక అర్హత పరీక్ష రాయాలి, కుటుంబ ఆదాయం 15 లక్షల లోపు ఉండాలి, 2.5 లక్షల లోపు వారికి మొగ్గు చూపుతారు. ఇలాంటి ప్రైవేటు సాయాల్లో రీయింబర్స్‌మెంటుతో పేచీ లేనివి దొరుకుతాయి, ప్రతిదాని షరతులూ విడిగా చదవాలి. మీ అమ్మాయి కేంద్ర పథకాలకు పెట్టబోయిన శ్రమను ఇటు మళ్ళించడం మంచిదని నా అభిప్రాయం. ఉత్తరాంధ్ర పల్లెల్లో సైన్యంలో పనిచేసి వచ్చినవారు చాలామంది ఉన్నారు. అలాంటి కుటుంబాల పిల్లలకు వృత్తివిద్యలో మొదటి సంవత్సరం చేరగానే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్పు ఉంది, ఆడపిల్లలకు నెలకు 3,000, మగపిల్లలకు 2,500. మీది ఆ కోవ కాకపోయినా, తెలిసినవారికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగమని చెప్పండి. ప్రైవేటు విశ్వవిద్యాలయాలవారు ఫోను చేసి “మీ పిల్లకు యాభై శాతం స్కాలర్‌షిప్పు” అనే మాట మాత్రం స్కాలర్‌షిప్పు కాదు, దసరా బట్టల దుకాణంలో ఇచ్చే తగ్గింపు. అది నాలుగేళ్ళూ ఉంటుందా, ఫలానా మార్కులు రాకపోతే ఆగుతుందా అని అడిగితే చాలాసార్లు అవతలివైపు గొంతు మెత్తబడుతుంది.

లోను గురించి భయపడవద్దు, అలాగని ముందుగానే పరుగెత్తవద్దు. రీయింబర్స్‌మెంటు వచ్చే ఇంట్లో లోను మొత్తం ఫీజుకు అక్కరలేదు, హాస్టలుకో ల్యాప్‌టాపుకో తక్కువపడిన మేరకే తీసుకోవచ్చు. చదువు లోను 7.5 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇవ్వడానికి బ్యాంకులకు కేంద్రం పూచీకత్తు పథకం ఉంది. భూమి కాగితాలు తెమ్మంటే ఆ మాట గుర్తుచేయండి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం ర్యాంకుల్లో ముందున్న సంస్థలకే వర్తిస్తుంది, మీ కళాశాల ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. ఆ జాబితాలో లేకపోయినా, ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి, కళాశాలకు న్యాక్ గుర్తింపో, కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపో ఉంటే, చదువు కాలానికి, ఆపై ఒక ఏడాదికి వడ్డీని కేంద్రమే భరించే పాత పథకం ఒకటి ఉంది. బ్యాంకువారు తమంతట తాము చెప్పరు. లోను మంజూరైన రోజే ఆ వడ్డీ రాయితీకి మీ పేరు నమోదు చేశారా అని అడగాలి.

మీ అన్నయ్య కొడుకు చెప్పింది నిజమే కాని సగం నిజం. అమెరికాలో 1964 నుండి ఫెడరల్ వర్క్ స్టడీ అనే పథకం ఉంది. గ్రంథాలయంలోనో, ప్రయోగశాలలోనో, భోజనశాలలోనో విద్యార్థి గంటల లెక్కన పని చేస్తే, ఆ జీతంలో పెద్ద భాగం ప్రభుత్వం కళాశాలకు ఇస్తుంది. పేద కుటుంబాలకు పెల్ గ్రాంటు అని వేరే ఉంది, 2024–25లో దాని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు. ఈ రెండింటికీ ఒకే దరఖాస్తు చాలు. కుటుంబ ఆదాయం చూసి, ఎవరికి ఎంత గ్రాంటు, ఎంత పని, ఎంత లోను అన్నది ఒకే కాగితం మీద కళాశాలే లెక్కకట్టి చెప్తుంది. అలాంటి ఒక్క కాగితం మనకు లేదు. అయితే ఆ గ్రాంటు గాని, ఆ పని పథకం గాని మన దేశం నుండి విద్యార్థి వీసా మీద వెళ్ళినవారికి వర్తించవు. వారు కళాశాల ఆవరణలో, తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించకుండా సొంతంగా పని వెతుక్కోవచ్చు, అంతే.

మన దగ్గర అంత పెద్ద పథకం లేదు. చదువుతూ సంపాదించడం పేరుతో కొన్ని విశ్వవిద్యాలయాలు గ్రంథాలయంలో, కార్యాలయాల్లో కొద్దిమందికి పని ఇస్తాయి, చేరాక నోటీసు బోర్డు చూస్తూ ఉండమనండి. ఇంటర్న్‌షిప్పు అన్న మాట వినగానే జీతమని అనుకోకండి. మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు ఇంటర్న్‌షిప్పు తప్పనిసరి చేశారు, అది పాఠంలో భాగం, చాలావరకు రూపాయి రాదు. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్పు 2024లో నెలకు 5,000 చొప్పున మొదలైంది కాని, అప్పుడు దాన్ని 21 నుండి 24 ఏళ్ళ మధ్య ఉండి, రెగ్యులర్ చదువులో లేనివారికి మాత్రమే పెట్టారు. నిజంగా చేతికి వచ్చేది చదువు అయ్యాక అప్రెంటిస్‌షిప్పులో ఉంది. 2019లో సవరించిన నిబంధనల్లో డిగ్రీ చదివినవారికి నెలకు కనీసం 9,000, డిప్లొమా వారికి 8,000గా పెట్టారు. గేట్ పరీక్షలో అర్హత తెచ్చుకుని ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 వస్తుంది. అవి నాలుగేళ్ళ తరువాతి మాటలు. మీ అమ్మాయికి ఇప్పుడే చెప్పి ఉంచితే చాలు.

చిన్నవాడి విషయం మీరు మాటవరసకు రాశారు, కాని ఈ ఏడాది అన్నింటికంటే ముందు గడువు అతనిదే. ఎన్‌ఎంఎంఎస్ అని ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక పరీక్ష ఉంటుంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదివేవారే రాయాలి, ఏడో తరగతిలో 55 శాతం వచ్చి ఉండాలి, కుటుంబ ఆదాయం 3.5 లక్షల లోపు ఉండాలి. ఎంపికైతే తొమ్మిది నుండి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏడాదికి 12,000, నాలుగేళ్ళకు 48,000. ఎనిమిది దాటితే మళ్ళీ రాయనివ్వరు. రేపే బడికి వెళ్ళి ప్రధానోపాధ్యాయుణ్ణి అడగండి. పరీక్షలో సగం తార్కిక ప్రశ్నలే, అవి అక్క కూర్చోబెట్టి నేర్పగలిగేవే.

ట్యూషను సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. మొదటి సెమిస్టరు పూర్తయ్యేవరకు ఊరి పిల్లలకు వద్దనండి. హాజరు 75 శాతానికి తగ్గితే, ట్యూషను మీద నెలకు వచ్చే ఏ వెయ్యో రెండు వేలో చూసుకుని 62,000కు ఎసరు పెట్టుకున్నట్టవుతుంది. రోజూ సాయంత్రం అరగంట తమ్ముడికి ఎన్‌ఎంఎంఎస్ పాత ప్రశ్నపత్రాలు చేయించమనండి. సంక్రాంతి సెలవుల్లోనూ వేసవిలోనూ మీ అరుగు మీద పదిమంది పిల్లలను కూర్చోబెట్టుకుంటానంటే అడ్డు చెప్పకండి. ఆ డబ్బు ఆమె ఖాతాలోనే వేసుకోమనండి, ఆధారుతో జతపడిన ఆ ఖాతాలోనే.